బ్రేకు దుమ్ము లేని తెల్ల కారు

వాన రావడంలో తప్పు లేదు. చెప్పాపెట్టకుండా రావడమే తప్పు. ఆ సాయంత్రం లిఫ్టుల మెకానిక్ ఓ ఐదంతస్తుల ఆఫీసులో పని ముగించుకుని, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బస్‌స్టాపు వైపు సగం దూరం నడిచాడో లేదో, ఆకాశానికి చిల్లు పడ్డట్టు అందుకుంది. అతను పరుగో పరుగు. కంటికి కనిపించిన మొదటి అద్దాల తలుపు తోసుకుని లోపల పడ్డాడు.

లోపలంతా సీసాలు, డబ్బాలు, బ్రష్షులు. కౌంటరు మీద బూడిదరంగు తువ్వాలు ఒకటి మడతపెట్టి ఉంది. పట్టుకుంటే వెన్నలా మెత్తగా తగిలింది. తల తుడుచుకున్నాడు. ముఖం తుడుచుకున్నాడు. దాని కొసని మెలిపెట్టి చెవిలో తిప్పుతుండగా వెనకనుంచి కేక వినిపించింది.

"ఆపండి!"

తిరిగి చూశాడు. ఓ అమ్మాయి. చేతిలో టార్చిలైటు, కళ్ళలో అంతకంటే పెద్ద వెలుతురు.

"మీరేం చేస్తున్నారో మీకు తెలుస్తోందా?"

"తల తుడుచుకుంటున్నానండి."

"దాంతోనా?"

"బాగా పీలుస్తోందండి," అన్నాడు. నిజంగానే బాగా పీలుస్తోంది.

"అది కారు పెయింటు మీద తప్ప ఈ భూమ్మీద దేన్నీ తాకకూడని గుడ్డ. ఇప్పుడు దాన్నిండా మీ చుండ్రు!"

"నాకు చుండ్రు లేదండి."

"ఇప్పుడు లేదు. అంతా గుడ్డకి అంటింది."

ఆ అమ్మాయి చూసిన చూపుకి అతని ఒంటిమీద మిగిలిన తడి దానంతటదే ఆరిపోయింది. ఒకటి ఒప్పుకోవాలి, ఆ చూపు చాలా బాగుంది. అంత కోపంలోనూ ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేచి, కుడిది 'నాకేం సంబంధం' అన్నట్టు ఉండిపోయింది. మనవాడు ఆ కనుబొమ్మ దగ్గరే చిక్కుకుపోయాడు.

"సరే, ఆ తువ్వాలు ఇక మీదే. మీది ఏ కారు?"

కారు లేదండీ, వానకి లోపలికొచ్చాను. ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే అతను ఇంటికి పోయేవాడు, మనమూ ఎవరి పనులు మనం చూసుకునేవాళ్ళం. కాని ఆ ముక్క చెబితే వాన తగ్గగానే వెళ్ళిపోవాలి, మళ్ళీ రావడానికి కారణం ఉండదు. కనుబొమ్మ పైకి లేచే ఉంది. అతను కంగారులో తన ఇంట్లో ఉన్న పెద్ద వస్తువులన్నీ మనసులో గబగబా వెతికాడు. ఫ్రిజ్ ఒక్కటే దొరికింది.

"తెల్లదండి," అన్నాడు.

"ఎన్నేళ్ళయింది కొని?"

"పదకొండేళ్ళు."

"ఎప్పుడైనా పాలిష్ పెట్టించారా?"

"లేదండి. అమ్మ తడిగుడ్డతో తుడుస్తుంది."

"ఏ గుడ్డ?"

"నా పాత బనీను."

ఆ అమ్మాయి కౌంటరు పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చుంది. ఆ తర్వాత ఆ తెల్ల కారుని రక్షించే బాధ్యత తన నెత్తిన వేసుకుంది.

కార్లని కడిగి మెరిపించే సరుకు అమ్మే ఆ షాపుకి ఒక పద్ధతి ఉంది. అక్కడ అన్నీ ఒకేసారి అమ్మరు. ఆ అమ్మాయి వాళ్ళ నాన్న పెట్టిన రూలు అది. ఎప్పుడో ఒకాయన షాంపూ నుంచి పాలిష్ మిషను దాకా ఒకేరోజు కొనుక్కెళ్ళి, ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో తన కారుకి పెయింటన్నది లేకుండా చేశాడట. ఆ కారు బానెట్టు ఇప్పటికీ షాపు గోడమీద, పోయినవాళ్ళ ఫొటోలా వేలాడుతోంది. అప్పట్నుంచీ ఒక్కొక్కటే ఇస్తారు. ఇంటికి తీసుకెళ్ళి వాడాలి, వాడిన గుడ్డ వెనక్కి తెచ్చి చూపించాలి. ఆ గుడ్డ చూసి, పని సరిగ్గా చేశారని నమ్మితేనే తర్వాతి వస్తువు.

"గుడ్డ చూస్తే ఏం తెలుస్తుందండీ?" అన్నాడు మెకానిక్.

"మీరు దాచేవన్నీ తెలుస్తాయి."

మనవాడు సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

రెండు బకెట్లు, వాటి అడుగున పెట్టే రెండు జల్లెళ్ళు, ఒక షాంపూ సీసా, గొర్రెపిల్లలాంటి చేతితొడుగు ఒకటి, అన్నీ కలిపి ఒక వస్తువు లెక్కన అతని ముందు పెట్టింది. "ఒక బకెట్లో సబ్బునీళ్ళు, ఒకదాంట్లో మంచినీళ్ళు. తొడుగు సబ్బులో ముంచి తుడవాలి, మంచినీళ్ళలో జాడించాలి, మళ్ళీ సబ్బులో ముంచాలి. మట్టి జల్లెడ కిందికి దిగిపోతుంది. గుండ్రంగా తిప్పకూడదు, గీతలు పడతాయి. ఎప్పుడూ పైనుంచి కిందికే."

"పైనుంచి కిందికే కదండీ? నేను లిఫ్టుల మెకానిక్‌ని. నాకు అదొక్కటే వచ్చు."

ఆమె నవ్వు ఆపుకుంది. ఆపుకున్న సంగతి మాత్రం దాచలేకపోయింది.

* * *

ఇంటికొచ్చాక అతని మెదడు పనిచేయడం మొదలెట్టింది. గుడ్డ తీసుకెళ్ళాలి. గుడ్డకి మురికి ఉండాలి. వీధిలో ఎవరిదో కారు తుడుద్దామంటే తంతారు. రోడ్డుమీద రుద్ది తీసుకెళ్దామంటే ఆ అమ్మాయి కనిపెట్టేస్తుంది. అబద్ధం ఆడే ధైర్యం అతనికి జీవితంలో ఒక్కసారే వచ్చింది, అదీ వానలో. రెండోసారికి సరుకు లేదు.

వాళ్ళమ్మ తపాలా ఆఫీసులో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. మాట కూడా ముద్ర గుద్దినట్టే ఉంటుంది. ఆవిడ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఫ్రిజ్ ప్లగ్గు తీసి ఉంది. పాలగిన్నె బల్లమీద ఉంది. కొడుకు మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి రెండు బకెట్ల మధ్య నిలబడ్డాడు.

"ఏమిట్రా ఇది?"

"ఫ్రిజ్ కడుగుతున్నానమ్మా."

"రెండు బకెట్లతోనా? ఈ ఇంట్లో మనుషులకే ఒక బకెట్టు."

"ఒకదాంట్లో సబ్బు, ఒకదాంట్లో మంచినీళ్ళు. మట్టి కిందికి దిగిపోతుంది."

"నీ తెలివి కూడా దిగిపోయినట్టుంది. ఆ పాలు విరిగితే నీ చేతే తాగిస్తా," అని ఆవిడ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. కాసేపటికి వెనక్కొచ్చి, తలుపు పక్కన నిలబడి చూడటం మొదలెట్టింది. పదకొండేళ్ళలో కొడుకు ఆ వంటింట్లో ఒక పని చేయడం అదే మొదలు.

మర్నాడు అతను గుడ్డని కవరులో పెట్టుకుని, స్కూలుపిల్లాడు మార్కుల కాగితం పట్టుకెళ్ళినట్టు షాపుకి వెళ్ళాడు. ఆ అమ్మాయి గుడ్డని కౌంటరు మీద పరిచి, భూతద్దం తీసింది.

"ఇది రోడ్డు మట్టి కాదే. జిడ్డు. వంటనూనె జిడ్డు." కనుబొమ్మ లేచింది. "మీ కారు వంటింటి పక్కన పెడతారా?"

"పక్కనే కాదండీ, దాదాపు లోపలే."

"ఎండ తగలదా?"

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తగల్లేదండి."

"అది మంచిదే. ఇక్కడేంటి, గుండ్రంగా తుప్పు మరక? అయస్కాంతం మరకలా ఉంది."

"అవునండి. మా అమ్మ చీటీలు అంటిస్తుంది."

"కారుకా?"

"మర్చిపోకుండా ఉంటుందనీ..."

ఆ అమ్మాయి భూతద్దం పక్కన పెట్టింది. ఆ తర్వాత, "మీలా నిజం చెప్పేవాళ్ళని నేను చూడలేదండీ," అంది. "ఇక్కడికొచ్చే ప్రతివాడూ రోజూ కడుగుతానంటాడు. గుడ్డ చూస్తే మట్టిగడ్డలు. మీరు మాత్రం అడిగింది అడిగినట్టు చెప్తున్నారు."

అతను చెప్పేవన్నీ నిజాలే. కారు లేదన్న ఒక్క నిజం తప్ప.

తర్వాతిది క్లే. బంకమట్టి ముద్దలా ఉంటుంది. కడిగినా పోకుండా పెయింటుని పట్టుకుని ఉండే గరుకుని లాగేస్తుందట. ఎలా వాడాలో చూపించడానికి షాపులో ఒక విడి డోరు ఉంది. ఆమె ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు తీసి అతని చేతికి తొడిగింది.

"ఇలా కవరు వేసుకుని తడిమితే ఉత్తచేతికి తెలియని గరుకు కూడా తెలుస్తుంది. తడమండి."

తడిమాడు. ఆమె కూడా ఇంకో కవరు వేసుకుని అదే డోరు మీద చెయ్యి పెట్టింది. రెండు కవర్లు డోరు మధ్యలో ఎదురుపడ్డాయి. బయట సన్నగా జల్లు మొదలైంది. లోపల కవర్లు గరగరలాడాయి.

"ఏం తెలుస్తోంది?" అంది ఆమె.

"గుండె కొట్టుకోవడం తెలుస్తోందండి."

"డోరుదా?"

"కాదండి."

ఆమె గబుక్కున చెయ్యి తీసేసి, అక్కర్లేని సీసా ఒకటి అందుకుని దానిమీద రాసింది మూడుసార్లు చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. "క్లే కింద పడితే మళ్ళీ వాడకండి. ఇసుక అంటుకుంటుంది," అంది సీసాతోనే.

క్లే అయ్యాక ఫ్రిజ్ అద్దంలా తయారైంది. మేడమీద అద్దెకుండే టీచరమ్మ స్కూలుకి వెళ్తూ వెళ్తూ వచ్చి, దానిముందు నిలబడి జడ సరిచేసుకుని పోవడం మొదలెట్టింది. వాళ్ళమ్మ చీటీలు అంటించడం మానేసింది. "మనసొప్పడం లేదురా," అందావిడ. అలా అన్నందుకు ఆవిడకే సిగ్గేసింది.

* * *

ముంచింది మూడో వస్తువు.

అదొక స్ప్రే. కారు ఆగినప్పుడల్లా బ్రేకులు అరిగి, ఇనప దుమ్ము ఎగిరి, పెయింటులో గుచ్చుకుంటుందట. ఈ స్ప్రే కొడితే ఆ దుమ్మున్న చోటల్లా ఊదారంగు తిరుగుతుంది. కుళ్ళిన గుడ్ల కంపు కూడా కొడుతుంది. అతను ఫ్రిజ్‌కి నాలుగువైపులా కొట్టాడు. వాళ్ళమ్మ ముక్కు మూసుకుని పక్కింటికి వెళ్ళిపోయింది. అతను చాలాసేపు చూశాడు. ఊదారంగు రాలేదు. ఎక్కడ్నుంచి వస్తుంది?

ఆ అమ్మాయి గుడ్డని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. టార్చి వేసి చూసింది. తిరగేసి చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"మొత్తం కారు మీద కొట్టారా?"

"అంగుళం వదల్లేదండి."

"చుక్కంతైనా ఊదా లేదు. మీరు... మీరు బ్రేకు వేయరా?"

అతను ఆలోచించాడు. ఫ్రిజ్‌కి బ్రేకు వేసే అవసరం ఎప్పుడూ రాలేదు. "లేదండి," అన్నాడు.

"పదకొండేళ్ళలో?"

"ఒక్కసారి కూడా."

ఆమె లోపలి గది వైపు తిరిగి, "నాన్నా!" అని పిలిచింది. ఆ పిలుపుకి గోడమీది బానెట్టు కదిలింది.

లోపల్నుంచి పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో మూడు రకాల టార్చిలైట్లు. గుడ్డ అందుకుని దీపం కింద పెట్టాడు. వాసన చూశాడు. తర్వాత మెకానిక్‌ని కూర్చోమని, తను నిలబడ్డాడు.

"బాబూ, బ్రేకు ఎందుకు వేస్తారో తెలుసా? ముందు ఏముందో చూసుకోక. తొందరపడి, తర్వాత కంగారుపడి వేస్తారు. ముందే చూసుకుని నెమ్మదిగా వెళ్ళేవాడికి బ్రేకుతో పనేముంది? ఈ మాట పాతికేళ్ళుగా అందరికీ చెబుతున్నా. అందరూ నవ్వారు." ఆయన గుడ్డని మడతపెట్టాడు. "మా అమ్మాయిని చేసుకుంటామని ముగ్గురొచ్చారు. ముగ్గురి కార్లకీ ఈ స్ప్రే కొట్టాను. ఒకడి చక్రాలు వంకాయల్లా అయిపోయాయి. పొమ్మన్నాను."

"నాన్నా," అంది అమ్మాయి నేలచూపులు చూస్తూ.

"ఆదివారం మీ ఇంటికి వస్తాం బాబూ. ఆ కారుని కళ్ళారా చూడాలి."

మెకానిక్ నోరు తెరిచాడు. అడ్రసు చెప్పబోతున్నాడనుకుని ఆయన కాగితం, కలం అందించాడు.

ఆ రోజు ఆమె అతన్ని తలుపుదాకా సాగనంపింది. చేతిలో చిన్న మైనం డబ్బా పెట్టింది. "ఇదే ఆఖరిది. చాలా పల్చగా రాయాలి. తెల్లబారాక మెత్తటి గుడ్డతో తీసేయాలి." కాసేపు ఆగి, "మా నాన్న ఎవరింటికీ వెళ్ళరు," అంది.

"అలాగాండీ."

"నేను కూడా వస్తున్నాను."

"రండి."

"కారు కోసం కాదు." ఆమె సూటిగా చూసింది. ఈసారి రెండు కనుబొమ్మలూ కదల్లేదు. "మీరంటే నాకు ఇష్టం. ఎవరైనా నాతో ఏది చెప్పినా నేను గుడ్డ తిరగేసి చూస్తాను. అది నా అలవాటు. మీ మాట మాత్రం చూడకుండా నమ్ముతున్నాను."

ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పబోయాడు కూడా. "ఒక్క విషయమండీ..." అని మొదలెట్టాడు. ఆమె కళ్ళలో అంత సంతోషం కనిపించింది. పిరికితనం మనవాడి నోరు నొక్కేసింది. "మైనం ఎండలో రాయకూడదు కదండీ?" అన్నాడు.

"రాయకూడదు," అని ఆమె నవ్వింది.

బస్సులో కూర్చుని తనని తానే తిట్టుకున్నాడు. నేనైతే ఇంకో రెండు ఎక్కువ తిట్టేదాన్ని.

* * *

"కారు లేదని చెప్పడానికి నీకేం రోగం?" అంది వాళ్ళమ్మ, సంగతంతా విన్నాక.

"ఎవరి కారన్నా తెచ్చి పెడదామా అమ్మా? మా ఆఫీసరుకి తెల్లది ఉంది."

"స్ప్రే కొడతారుగా?"

అదీ నిజమే. స్ప్రే కొడితే ఊదారంగు వస్తుంది. ఎవరి కారు తెచ్చినా వస్తుంది. లోకంలో ఎన్ని కోట్ల కార్లుంటే అన్నిటికీ వస్తుంది. అసలు బ్రేకు వేయని కారు ఫ్యాక్టరీ గేటు కూడా దాటదు. మామూలుగా అబద్ధమాడినవాడికి ఎక్కడో ఒక సందు దొరుకుతుంది. మనవాడు లోకంలో లేని వస్తువు ఒకటి తనకుందని ఒప్పుకుని వచ్చాడు.

"పారిపోనా?"

"ఫ్రిజ్ ఎవరు తుడుస్తారు?" అంది అమ్మ. తర్వాత దగ్గరికొచ్చి కూర్చుంది. "ఒరేయ్, ఆ పిల్లంటే నీకు నిజంగా ఇష్టమేనా?"

"చాలా ఇష్టమమ్మా. ఆ అమ్మాయి రేపు నా ముఖం చూడనంటే నేనేమైపోతానో నాకే తెలియడం లేదు."

"అయితే నువ్వే చెప్పు. ఆ పిల్ల కనిపెట్టక ముందే చెప్పు."

శనివారమంతా అతను మైనం రాశాడు. రాయకపోయినా అడిగేవాళ్ళు లేరు. రేపటితో అంతా అయిపోతుందని తెలుసు. అయినా ఆమె పల్చగా రాయమంది కాబట్టి పల్చగా రాశాడు, తెల్లబారేదాకా ఆగాడు, తీశాడు. చెయ్యి నొప్పెట్టింది. లోపల అంతకంటే ఎక్కువ నొప్పెట్టింది.

ఆదివారం పదింటికి తండ్రీకూతుళ్ళు వచ్చారు. ఆయన చేతిలో తోలుపెట్టె. ఆమె నీలంరంగు దుస్తుల్లో, జడలో ఒక్క వెంట్రుక చెదరకుండా, ఊపిరి బిగపట్టి ఉంది.

"కారెక్కడ బాబూ?" ఆయన కూర్చోలేదు కూడా.

అతను ఆయన వైపు చూడలేదు. ఆమెనే చూశాడు. "నాకు కారు లేదండి," అన్నాడు. "ఎప్పుడూ లేదు. నడపడం కూడా రాదు. ఆ రోజు వానకి మీ షాపులోకి వచ్చాను. మిమ్మల్ని చూశాక, కారు లేదంటే మళ్ళీ రావడానికి కారణం ఉండదని అబద్ధం చెప్పాను. మీరిచ్చినవన్నీ దీనికి వాడాను."

వంటింటి తలుపు తీశాడు. కిటికీ వెలుతురికి ఫ్రిజ్ ధగధగలాడుతోంది. మోటారు గుర్రుమంటోంది. పెద్దాయన మెల్లగా నడిచి దాని ముందు నిలబడ్డాడు. అందులో ఆయన ముఖం కనిపించింది. చాలా దిగులుగా ఉంది.

"అయితే పదకొండేళ్ళు బ్రేకు వేయని మనిషి..." అన్నాడు.

"లేడండి."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కూతురి సంగతి తర్వాత, ముందు ఆ మనిషి లేకపోవడమే ఆయన్ని కుంగదీసింది. మెకానిక్ వాళ్ళమ్మ జాలిపడి, "కాసిని చల్లటి నీళ్ళిస్తానన్నయ్యగారూ," అంటూ ఫ్రిజ్ మీద చెయ్యి వేయబోయింది.

"అయ్యో, ఉత్తచేత్తో ముట్టుకోకు చెల్లెమ్మా!" ఆయన ఒక్క గెంతులో లేచాడు. జేబులోంచి గుడ్డ తీసి, దాంతో తలుపు పట్టుకుని, తనే తెరిచి, తనే సీసా తీసుకున్నాడు. తాగుతూ తాగుతూ టార్చి వేసి ఫ్రిజ్ పక్కభాగం చూశాడు. రెండో టార్చి కూడా తీశాడు.

అమ్మాయి మాత్రం కదల్లేదు. "అందరూ చెప్పే అబద్ధాలు నాకు అలవాటేనండీ," అంది అతనితో. "కాని మీ కారులో ముందు సీట్లో కూర్చుని నేను ఎక్కడెక్కడికో వెళ్ళొచ్చాను. మనసులో. కుదుపు కూడా లేకుండా. అవన్నీ ఇప్పుడు ఏం చేసుకోను?"

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దాచుకోలేదు.

"నేను తప్పు చేశానండి. మిమ్మల్ని నేను ఎక్కడికీ తీసుకెళ్ళలేను. లిఫ్టులో పైకీ కిందకీ తప్ప."

ఆమె గిరుక్కున తిరిగి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. రెండు చేతులా పట్టుకుని గోడ దగ్గర్నుంచి ముందుకు లాగింది. వెనక, ఎవరూ ఎన్నడూ చూడని చోట, వైర్లూ దుమ్మూ ఉండాల్సిన చోట చెయ్యి పోనిచ్చింది. వేళ్ళు జారిపోయాయి. ఆమె మోకాళ్ళమీద కూర్చుని కింద కూడా తడిమింది. ఆ చెయ్యి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"వెనకెందుకు రాశారు?"

"మీరు చెప్పినట్టు చేస్తే, చేసినంతసేపూ మీరు పక్కనే ఉన్నట్టుండేదండి. అందుకని త్వరగా అయిపోకూడదని వెనక కూడా రాశాను."

ఆమె లేవలేదు. ముఖం ఫ్రిజ్ చాటున ఉంది కాబట్టి ఏం చేస్తోందో తెలియలేదు. ముక్కు ఎగపీల్చిన చప్పుడు ఒకటి వినిపించింది.

ఇంతలో మెకానిక్ వాళ్ళమ్మ పెద్దాయనకి గ్లాసు కూడా ఇస్తూ, మాట మార్చడానికి అడిగింది. "కారెక్కడ పెట్టొచ్చారన్నయ్యగారూ? వీధి ఇరుకు కదా?"

"బస్సులో వచ్చాం చెల్లెమ్మా."

"అదేం? మీ కారుకేమైంది?"

పెద్దాయన ఇబ్బందిగా కదిలాడు. "మాకు కారు లేదమ్మా."

"కార్ల షాపు పెట్టుకుని కారు లేదా! ఎందుకని?"

"మురికైపోతుంది కదా," అన్నాడాయన, అంత తేలిక విషయం కూడా తెలియదా అన్నట్టు.

ముందుగా ఫ్రిజ్ వెనకనుంచి నవ్వు వినిపించింది. ఏడుపు కలిసిన నవ్వు. వాళ్ళమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాగుంది. మీకు కారు లేదు. మావాడికి కారు లేదు. ఎవరికీ లేని కారు కోసం పొద్దున్నే మా వంటింట్లో ఈ పంచాయితీ ఏమిటండీ? పిల్లలకి ఒకరంటే ఒకరికి ఇష్టమా కాదా, అది చూడండి."

పెద్దాయన ఆలోచించాడు. ఫ్రిజ్ వైపు చూశాడు. "పని మాత్రం నిజాయితీగా చేశాడు చెల్లెమ్మా. ఒక్క గీత లేదు. నాకేం అభ్యంతరం లేదు. మా అమ్మాయి ఏమంటుందో అడుగు."

అందరూ ఫ్రిజ్ వైపు తిరిగారు. అమ్మాయి బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎడమ కనుబొమ్మ లేచింది.

"నాకు కోపం తగ్గలేదు," అంది అతనితో. "ఇష్టం కూడా తగ్గలేదు, అదే నా బాధ. రేపు సాయంత్రం షాపుకి రండి. ఏమీ కొనడానికి వీల్లేదు, గుడ్డ తేవడానికి వీల్లేదు. వచ్చి, ఎందుకొచ్చారో అందరి ముందూ నిజం చెప్పండి. అప్పుడు చూస్తాను."

సోమవారం సాయంత్రం ఆరింటికి షాపు కిటకిటలాడుతోంది. ఒకాయన బ్రష్షులు బేరం చేస్తున్నాడు. ఇద్దరు అన్నదమ్ములు మైనం గురించి కొట్టుకుంటున్నారు. మెకానిక్ పనిముట్ల సంచీ కూడా ఆఫీసులోనే పెట్టేసి వచ్చాడు. ఖాళీ చేతులు ఏం చేసుకోవాలో తెలియక వెనక కట్టుకున్నాడు, ముందు కట్టుకున్నాడు, చివరికి వేలాడేశాడు. వరసలో నిలబడ్డాడు. అతని వంతు వచ్చింది.

"చెప్పండి, ఏం కావాలి?" ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమీ వద్దండి," అన్నాడు. గొంతు కొంచెం పెద్దగానే వచ్చింది. బ్రష్షులాయన బేరం ఆపి చూశాడు. అన్నదమ్ములూ చూశారు. "నాకు కారు లేదు. ఈ షాపులో నాకు పనికొచ్చే వస్తువు ఒక్కటీ లేదు. మీరంటే ఇష్టం. మిమ్మల్ని చూడ్డానికి వచ్చాను. రేపు కూడా ఇందుకే వస్తాను."

ఆమె తల ఎత్తింది. చాలాసేపు అతన్నే చూసింది. ఈసారి దేన్నీ తిరగేసి చూడలేదు.

"అలా అడ్డంగా నిలబెట్టేశావేంటే, వెనక జనం ఉన్నారు!" లోపలి గదిలోంచి పెద్దాయన అరిచాడు. "లోపలికి రమ్మను!"

ఆమె కౌంటరు పక్కనున్న చిన్న తలుపు తీసి, తన స్టూలు అతనికి జరిపింది. తర్వాత వరసలో ఉన్నాయన వైపు తిరిగి, నవ్వుతూనే, "మీకేం కావాలండీ?" అంది.